లడ్డూ జిడ్డు, లైపేజ్ మూత

నిన్న పిన్ని కొండ మీద నుంచి తెచ్చిన లడ్డూ తిని చెయ్యి కడుక్కుంటే నీళ్లు చుక్కలు చుక్కలుగా జారిపోయాయి గానీ వేళ్ల జిడ్డు మాత్రం అలాగే ఉంది, సబ్బు రుద్దితే గానీ వదల్లేదు. మరి అదే నెయ్యి కడుపులోకి పోతే?

అక్కడ సబ్బు పని పైత్యరసానిది. నెయ్యిని సన్నటి బిందువులుగా చేస్తుంది, అంతే. అసలు కోత కోసేది క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైమ్, అంటే కొవ్వును ముక్కలు చేసే ప్రొటీన్. 449 అమైనో ఆమ్లాల గొలుసు, రెండు ముద్దలుగా మడతపడి ఉంటుంది. పెద్ద ముద్దలో 152వ చోట సెరీన్, 176లో ఆస్పార్టిక్ ఆమ్లం, 263లో హిస్టిడిన్. గొలుసులో ఎక్కడెక్కడో ఉన్న ఈ మూడూ మడత వల్ల పక్కపక్కకు చేరతాయి, కోసే కత్తి ఇదే.

నాకు తెగ నచ్చింది మాత్రం దాని మూత. 1990లో నిర్మాణం బయటపడ్డప్పుడు చూస్తే ఆ కత్తి మీద చిన్న మూత కప్పి ఉంది, అవ్వ నేతిగిన్నె మీద బోర్లించే పళ్లెం లాగా! నూనె బిందువు అంచున గానీ అది సరిగ్గా తెరుచుకోదు. పైగా బిందువు చుట్టూ చేరిన పైత్య లవణాలే లైపేజ్‌ని పక్కకు నెట్టేస్తాయి, సాయం చేసినట్టే చేసి అడ్డం పడే చుట్టాల్లాగా. అప్పుడు కోలైపేజ్ అనే బుల్లి ప్రొటీన్ వచ్చి లైపేజ్ చిన్న ముద్దను పట్టుకుని, లైపేజ్‌ని బిందువుకు అంటిపెడుతుంది.

కొవ్వు అణువుకు మూడు తోకలు. అటు చివరిదీ ఇటు చివరిదీ తెగుతాయి, నడిమిది ఉండిపోతుంది. ఆ ముక్కలు పేగు గోడ కణాల్లోకి వెళ్లాక మళ్లీ అతుక్కుని కొవ్వే అవుతాయి. ఇంత కష్టపడి కోసింది ఇందుకా అనిపించింది నాకైతే.