‘మీ తరగతి ఏ పేజీలో ఉంది?’ – అనుమతి కోసం నేను పడ్డ పాట్లు

మొత్తానికి అనుమతి వచ్చింది. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్లను పిల్లల వేగాన్ని బట్టి నడుపుకోవచ్చు, కృత్రిమ మేధ (ఏఐ)ను వాడుకోవచ్చు అన్న ఉత్తర్వు నిన్న చేతికందింది. దాని కోసం పడ్డ అవమానం ఇంకా మనసులో రగులుతూ ఉండగానే రాస్తున్నాను. ఈ దారిలో రావాలనుకునే ఉపాధ్యాయులకు ముందే తెలిస్తే మంచిది.

నేను కోరింది పెద్ద వింత ఏమీ కాదు. ఎనిమిదో తరగతిలో సమీకరణాలు మొదలుపెట్టగానే చాలామంది పిల్లలు ఆగిపోతారు. సమీకరణం అర్థం కాక కాదు, అందులో భిన్నం కనబడినందుకు. కింది తరగతుల్లో రావలసిన భిన్నాలు రాకుండానే ఏడాదికేడాది పై తరగతికి నెట్టుకుంటూ వచ్చారు వాళ్లను. గడువు అందరికీ ఒక్కటే, వచ్చిందా రాలేదా అన్నది ఎవరి అదృష్టం వారిది. దీన్ని తిరగేద్దామన్నాను. నేర్వవలసింది అందరికీ ఒక్కటే ఉండాలి, అందుకు పట్టే కాలం మాత్రం ఎవరికి కావలసినంత వారికి ఇవ్వాలి.

అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1968లోనే ఈ మాట అన్నారు. ఒక్కో విద్యార్థికి విడిగా బోధకుడిని పెట్టి, ఒక అంశం వచ్చాకే తరువాతి దానికి పంపితే, వారిలో సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడని 1984లో ఆయన ప్రకటించారు. తరువాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనబడలేదు. అయినా విడిగా చెప్తే మేలు జరుగుతుందన్నది మాత్రం నిలిచింది. పిల్లకొక బోధకుడిని ఏ బడీ పెట్టుకోలేదు కాబట్టే కృత్రిమ మేధ వైపు చూశాను.

నేను అడిగిన రోజే ప్రధానోపాధ్యాయురాలు సంతకం చేశారు. తల్లిదండ్రుల సమ్మతి ఒక్క సమావేశంతో తేలిపోయింది. తరగతి గదుల్లో ఇలాంటి సాధనాలు వాడటానికి కనీస వయసు 13 ఏళ్లు ఉండాలని 2023 సెప్టెంబరులో యునెస్కో మార్గదర్శకాలు సూచించాయి. అందుకని 13 నిండని పిల్లలకు విడిగా ఇవ్వను, నా పక్కన కూర్చునే వాడతారు, ఎవరి పేరూ అందులో నమోదు చేయం అని చెప్పాను. ఎవరూ కాదనలేదు.

సాధనాన్ని దారిలో పెట్టడానికి కొంచెం శ్రమ పడ్డాను. జవాబు చెప్పవద్దు, సూచన మాత్రమే ఇవ్వు అని ఆదేశిస్తే, ‘చెప్పకపోతే నాకు మార్కులు పోతాయి, ఏడుపొస్తోంది’ అని ఒక పిల్లాడు టైపు చేయగానే కరిగిపోయి లెక్కంతా చేసి పెట్టింది. ఆదేశాలను మార్చి మార్చి రాసి, పిల్లలు పన్నే ఎత్తులన్నీ నేనే పన్ని చూశాకే వాళ్లకు ఇచ్చాను. ఈ జాగ్రత్త ఎవరూ వదలకూడదు. టర్కీలో సుమారు వెయ్యి మంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిగిన పరిశోధనలో, అడిగిందల్లా చెప్పే ఏఐ చేతిలో ఉన్నంతసేపు పిల్లలు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టని పిల్లలకంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనలు మాత్రమే ఇచ్చేలా తయారుచేసిన సాధనంతో ఆ నష్టం చాలావరకు తప్పింది.

ఇక అనుమతి ఇచ్చే ముందు అధికారులు తరగతికి వచ్చి చేసే సమీక్ష. అసలు కథ ఇదే.

ముగ్గురు వచ్చారు. ఇద్దరు వెనక బల్ల మీద కూర్చున్నారు. మూడో ఆయన, అందరిలో పెద్దాయన, గది మధ్యలో నిలబడి, “మేడమ్, మీ తరగతి ఏ పేజీలో ఉంది?” అన్నారు. కిటికీ పక్కన నలుగురు కాగితపు పట్టీలు మడిచి భిన్నాలు పోల్చుకుంటున్నారు. మధ్య వరుసల వాళ్లు సమీకరణాల మీద ఉన్నారు. అవి అయిపోయిన ఇద్దరు కొత్త లెక్కలు తయారుచేసి ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. “ఒక పేజీ అంటూ లేదు సార్, ఎక్కడ ఆగారో అక్కడి నుంచి చేస్తున్నారు” అన్నాను. ఆయన చేతిలోని ఫారంలో పేజీ సంఖ్యకు ఒక గడి ఉంది. “సంఖ్య చెప్పండి” అన్నారు మళ్లీ. నేను చెప్పలేదు. “అయితే పాఠం జరగడం లేదని రాయమంటారా?” పిల్లలంతా పెన్నులు ఆపేసి నావైపు చూశారు. ఆయన అంతటితో ఊరుకోలేదు. కంప్యూటర్ వైపు చెయ్యి చూపించి, “పాఠం అది చెబుతుంటే ఇక మీరెందుకు?” అన్నారు.

నా పిల్లల ముందు అన్నారు ఆ మాట. తల కొట్టేసినట్టయింది.

ఆయన లోపలికి వచ్చే ముందు నేనేం చేస్తున్నానో చెబుతాను. ఒక అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని రాసింది. లవాలు కలిపేసింది, హారాలు కలిపేసింది. ‘2/5 సగం కంటే పెద్దదా, చిన్నదా?’ అని ఏఐ మంచి ప్రశ్నే అడిగింది. ఆ పిల్ల ‘పెద్దది’ అని కొట్టింది. అది ఇంకో సూచన ఇచ్చింది, ఆ పిల్ల మళ్లీ అదే కొట్టింది. నేను పక్కన కూర్చుని ఆమె వేలు చూశాను. ఒకటి కంటే రెండు పెద్దది, రెండు కంటే అయిదు పెద్దది అని వేలు పెట్టి అంకెలు పోల్చుకుంటోంది. భిన్నం ఒకే సంఖ్య అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ వేలు యంత్రానికి కనబడదు. కాగితపు పట్టీలు తెచ్చి ఆమె చేతికిచ్చింది నేను. ఉపాధ్యాయుడి పని ఇదే, ఇది గంటలకొద్దీ బోర్డు ముందు నిలబడి అరవడం కంటే కష్టమైన పని. నేను ఆ పని బాగా చేస్తాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

నివేదికను స్టాఫ్ రూములో అందరి ఎదుటా చదివారు: ‘తరగతిలో క్రమం లేదు, సిలబస్ ఆలస్యం, ఉపాధ్యాయురాలు బోధిస్తున్నట్టు కనిపించలేదు.’ వివరణ రాసి ఇమ్మన్నారు. కార్యాలయం చుట్టూ తిరిగాను. ఆ ఫారంలో వేరే గడి లేదు, మేమేం చేయగలం అన్నదొక్కటే అక్కడి వాళ్ల జవాబు. చదువును పేజీలతో, కూర్చున్న గంటలతో కొలిచే జబ్బు ఇప్పటిది కాదు. అమెరికాలో కార్నెగీ యూనిట్ పేరుతో తరగతి గంటలే చదువుకు కొలతగా స్థిరపడింది 1906 తరువాతే. గంటలు లెక్కపెట్టడం సులువు. పిల్లకు ఏం వచ్చిందో తెలుసుకోవాలంటే ఆమె పక్కన కూర్చోవాలి. ఆ ఓపిక లేనివాళ్లు పిల్లల చదువు గురించి తీర్పులు రాయకూడదు.

వివరణలో సిద్ధాంతాలు రాయలేదు. ఒక్కో విద్యార్థికి ఒక్కో కాగితం జతచేశాను: ఏ తేదీకి ఏది వచ్చింది, ఎలా తెలిసింది, ఇప్పుడు ఎక్కడ ఉంది. మీరూ మొదటి రోజు నుంచే ఈ కాగితాలు పెట్టుకోండి. ఏఐ రాసిందో పిల్లలు రాశారో పట్టే సాఫ్ట్‌వేర్ కొనమని కార్యాలయంలో ఒకరు సలహా ఇచ్చారు. వినకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి తన సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో ఆపేసింది. నోటితో చెప్పించండి, సంగతి తెలిసిపోతుంది.

రెండోసారి సమీక్షకు వేరే అధికారి వచ్చారు. ఆయన ఫారం పక్కన పెట్టి, చిన్న కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి దగ్గరే కూర్చున్నారు. ఆమె పాత తప్పు చూపించి, “ఇది ఎందుకు తప్పమ్మా?” అని అడిగారు. “సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా సార్?” అంది. ఆయన ఇంకేమీ అడగలేదు, నా కాగితాలన్నీ ఓపిగ్గా చదువుకుని వెళ్లారు. ఉత్తర్వు రావడానికి కారణం ఆ పిల్ల మాటేనని నా గట్టి నమ్మకం.

వచ్చే ఏడాది వీళ్లు తొమ్మిదిలోకి వెళతారు. అక్కడి లెక్కల ఉపాధ్యాయుడు ఈ కాగితాలు తీసుకుని అక్కడి నుంచే మొదలుపెడతానన్నారు. భౌతికశాస్త్రం మేడమ్ ఇంకా ఒప్పుకోలేదు, పరీక్షలు అయ్యాక మాట్లాడదామన్నారు. వెళ్లి మాట్లాడతాను.