మూడో బోరు మొక్కు: బడిపిల్లలతో వేళాంగణి యాత్ర

మా విచారణ (ఒక ఫాదర్‌గారి కింద ఉండే చర్చి ప్రాంతం) బడిలో బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. పడితే పిల్లల్ని తీసుకుని నీ దగ్గరికి వస్తామని తమిళనాడులోని వేళాంగణిలో వెలసిన మరియమాతకు, ఆరోగ్యమాతకు మాటిచ్చాం. ఆ మాట నిలబెట్టుకుని నిన్న తెల్లవారుజామున తిరిగి మా ఊళ్లో దిగాం. మోకాళ్లకు కట్టిన గుడ్డలు ఇంకా తీగ మీద ఆరుతూనే ఉన్నాయి. వచ్చే ఏడు వేరే విచారణల వాళ్లు పిల్లలతో బయలుదేరితే పనికొస్తుందని, మరిచిపోకముందే రాస్తున్నాను.

పల్నాడు నేలలో బోరు వేయించిన ప్రతివాళ్లకూ రాయి సంగతి తెలుసు. మా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) బడి ఆవరణలో మొదటి బోరు 180 అడుగులు దిగింది. తెల్లటి దుమ్ము తప్ప చుక్క లేదు. రెండోది 240 అడుగుల దగ్గర చెమ్మ చూపించి, నాలుగు బిందెలకే ఆగిపోయింది. పిల్లలు ఇంటి దగ్గర్నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్లు, మధ్యాహ్న భోజనం వండే అమ్మలు వీధి కుళాయి నుంచి మోసుకొచ్చేవాళ్లు. మూడోదానికి డబ్బులు పోగయ్యేసరికి తపస్సుకాలం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు, వచ్చింది. ఒక శుక్రవారం సిలువ మార్గం అయ్యాక ఫాదర్‌గారు పిల్లల్ని మాత గుహ ముందు కూర్చోబెట్టి జపమాల చెప్పించారు. వేళాంగణి మాట మొదట ఎత్తింది ఏడో తరగతి పిల్లలే. తర్వాతి వారం బోరు బండి వచ్చింది. 290 అడుగులు దాటాక దుమ్ము తడిసి ముద్దలుగా పడింది. 315 దగ్గర నీళ్లు గొట్టం అంచు దాటి ఎగదన్నాయి. రెండంగుళాల నీళ్లు ఉన్నాయని బండివాళ్లే చెప్పారు. సిస్టర్‌గారు ఆ బురదలోనే మోకాళ్లూనారు.

మే నెల సగం బడిపనులకూ గుడిపనులకూ సరిపోయింది. పది రోజుల వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు), మరియమాత నెల కాబట్టి రోజూ సాయంత్రం ఇంటింటి జపమాల, ఆ తర్వాత 14 మంది పిల్లలకు ప్రథమ దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం మొదటిసారి తీసుకోవడం). అవన్నీ అయ్యాక సోమవారం బయలుదేరాం. సోమవారమని కావాలనే పెట్టుకున్నాం. శనివారం మాతకు ప్రత్యేకమైన రోజు, ఆదివారం సరేసరి. ఆ రెండు రోజులూ వేళాంగణిలో పిల్లల చేయి వదిలితే మళ్లీ దొరకడం కష్టం. తమిళనాడులోనూ అప్పుడు బడి సెలవులే గనక మేం చేరిన మంగళవారం కూడా జనం తక్కువేమీ లేరు.

పిల్లలు 31 మంది, పెద్దలు 12 మంది, ఫాదర్‌గారు, ఇద్దరు సిస్టర్లు. 49 సీట్ల బస్సు. నార్కట్‌పల్లి రోడ్డు మీదుగా మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కి ఒంగోలు, నెల్లూరు, చెన్నై, పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం, కారైకాల్, నాగపట్నం. బస్సు మాట్లాడేటప్పుడు మూడు సంగతులు అడగాలి. పర్మిట్ ఒక్క తమిళనాడుకే కాదు, పుదుచ్చేరికి కూడా చెల్లాలి. ఆ ఊరు దాటాక మళ్లీ కారైకాల్ వస్తుంది, అదీ పుదుచ్చేరి కిందే. డ్రైవర్లు ఇద్దరుండాలి. స్టెప్నీని కళ్లతో చూడాలి. మొదటి రెండూ మేం అడిగాం, మూడోది అడగలేదు. గూడూరు దాటాక అర్ధరాత్రి వెనక టైరు పేలింది. స్టెప్నీ చూస్తే గీతలు అరిగిపోయి నున్నగా ఉంది. దాంతో అంత దూరం పోనని డ్రైవరే అన్నాడు, ఆయన మాటే సరైనది. ఇంకో టైరు వచ్చేసరికి నాలుగు గంటలు పోయాయి. పొద్దున ఏడింటికి చేరాల్సినవాళ్లం పదకొండున్నరకు చేరాం. ఆ ఆలస్యమే మధ్యాహ్నం పిల్లల మోకాళ్ల మీద పడింది.

గుడికీ మాత కొలనుకూ మధ్య ఇసుక దారి వెళ్లినవాళ్లందరికీ తెలుసు. మోకాళ్ల మీద జపమాల చెప్పుకుంటూ పోయే దారి. పొద్దున ఆరుకు ముందు ఆ ఇసుక చల్లగా, కాస్త తడిగా కూడా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ కాగుతుంది, మధ్యాహ్నానికి అరికాలు పెట్టలేం. పొద్దు గూకాక మళ్లీ వెళ్లొచ్చు. మా లెక్కలో పొద్దున దిగగానే మోకాళ్ల మొక్కు, పదింటికి విశ్రాంతి, సాయంత్రం పూజ. ఆలస్యమైనా మేం లెక్క మార్చుకోలేదు. ఐదింటికి పూజ ఉంది, ఆలోపు మొక్కు తీరాలి అనుకుని మూడింటికి ఇసుకలో దిగాం. అది తప్పు. పూజ ముగించుకుని రాత్రి ఎనిమిదింటికి దిగి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. రెంటచింతల ఎండలకు అలవాటుపడ్డ పిల్లలే కదా అనుకున్నాం. కానీ ఎండలో నడవడం వేరు, ఎండకు కాగిన ఇసుకలో మోకాళ్లు ఆనించడం వేరు.

పదేళ్లలోపు వాళ్లు నడిచే రావాలని ఫాదర్‌గారు ముందే చెప్పారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు సంతకం పెట్టిన తొమ్మిది మంది పిల్లలు, ఐదుగురు పెద్దలు మోకాళ్ల మీద. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి, చేతిలో నీళ్ల సీసా.

గుడ్డ కట్టే పద్ధతి చెప్పాలి. పాత నూలు చీరను ఎనిమిది మడతలు వేసి, మోకాలి చిప్ప మీద పరిచి, ముడి తొడ వెనక వేయాలి. చిప్ప కింద కడితే నాలుగు అడుగులకే జారిపోతుంది. మరీ బిగిస్తే పిక్కలు తిమ్మిరెక్కుతాయి. నిక్కర్లు వేసుకుని మోకాలికి నేరుగా కట్టిన అబ్బాయిలకు గుడ్డ అంచులోంచి ఇసుక దూరింది. ప్యాంటు మీద కట్టుకున్నవాళ్లకు అంత దూరలేదు. జీన్సు వద్దు, వంగినచోట కుట్టు ఒరుసుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు గుడ్డను తడపడం. చల్లగా ఉంటుందని ఒకమ్మాయి సీసా నీళ్లు మోకాలి గుడ్డ మీదే పోసుకుంది. తడి గుడ్డకు ఇసుక అంటుకుని గరుకు కాగితమైపోయింది. మూడు నిమిషాల్లో చర్మం ఎర్రబడింది. మోకాలి మీది గుడ్డ పొడిగానే ఉండాలి, తడపాల్సింది కింద పరిచే పట్టాను. ఈ సంగతి అక్కడ ఒకావిడ మాకు చేసి చూపించింది.

జపమాలలో రెండో పదికి (పదేసి మరియ జపాల భాగాన్ని పది అంటాం) చేరేసరికి ఆరో తరగతి పిల్లవాడొకడు ఆగిపోయాడు. లేచి నడవరా అంటే లేవడు. బోరులో నీళ్లు పడితే మోకాళ్ల మీద వస్తానని తను కూడా చెప్పాడట. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, నోట జపం ఆగలేదు: "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము." పక్కనే బండి మీద కొబ్బరిబొండాలు అమ్ముకునే ఆవిడ చూసింది. యాభై ఏళ్లుంటాయి. బొండాలు ఎండకు వాడకుండా వాటి మీద కప్పిన తడి గోనెపట్టాలు రెండు తీసుకుని ఇసుకలోకి వచ్చేసింది. ఒకటి వాడి ముందు పరిచింది. వాడు దాని మీదికి రాగానే రెండోది ముందు పరిచి, వెనకది లాగి, దులిపి, మళ్లీ ముందుకు తెచ్చింది. పట్టా అడుగునే ఇసుక అంటుకుంటోంది, పైన మోకాలికి చల్లగా తగులుతోంది. "మెల్ల, మెల్ల" అంటోంది. మాకు తమిళం రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఆ మాట మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆవిడ బండి దగ్గర అప్పుడు ఎవరూ లేరు. కొనడానికి వచ్చినవాళ్లు నిలబడి చూసి వెళ్లిపోతున్నారు. మా పెద్దవాళ్లు అది చూసి ఇంకో బండి దగ్గర నాలుగు పట్టాలు అడిగి తెచ్చారు, బక్కెట్టుతో నీళ్లు తెచ్చారు. మిగతా ఎనిమిది మందికీ అలాగే పరుస్తూ వెళ్లాం. ఒక్కో పట్టా రెండు మూడు నిమిషాలకోసారి తడపాలి, లేకపోతే అదీ కాగుతుంది. కొలను దగ్గర చివరి పది ముగిశాక డబ్బులివ్వబోతే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. "పరవాయిల్లె" అంది. తమిళ యాత్రికులు కొందరు "మరియే వాళ్గ" అంటూ దాటిపోతున్నారు. ఆవిడ పట్టాలు జాడించి, మళ్లీ బొండాల మీద కప్పుకుని, కత్తి చేతిలోకి తీసుకుంది. ఆ తల్లి పేరు అడగడం కూడా మాకు తట్టలేదు. మా జపమాలలో ఇప్పుడు "బొండాలమ్మ కోసం" అని ఒక పది చెబుతున్నారు పిల్లలు.

కొలను దగ్గర మోకాళ్లు కడిగాం. పాలు మోసుకెళ్లే బాలుడికి మాత కనిపించిందని చెప్పే చోటు అది. రుద్దకూడదు, పైనుంచి నీళ్లు పోస్తే ఇసుక దానంతటదే జారుతుంది. తడి అద్ది కొబ్బరినూనె రాశాం. ఇద్దరికి బొబ్బలు లేచాయి, వాటిని చిదమనివ్వలేదు. తలనీలాలిచ్చి సముద్రస్నానం చేయాలనుకునేవాళ్లు ఇవన్నీ మోకాళ్ల మొక్కుకు ముందే ముగించుకోవాలి. గీరుకుపోయిన మోకాలికి ఉప్పునీళ్లు తగిలితే పిల్లలు విలవిల్లాడతారు. గుండు చేసేచోట ప్రతి తలకూ కొత్త బ్లేడు వేస్తున్నారో లేదో దగ్గర నిలబడి చూడాలి. సముద్రంలో పిల్లల్ని మోకాటిలోతు దాటనివ్వలేదు, అదీ పెద్దలు చేతులు పట్టుకుని గోడలా నిలబడ్డాకే. 2004 డిసెంబర్ 26 ఉదయం సునామీకి వందలమంది యాత్రికులు చనిపోయిన తీరం అది. క్రిస్మస్‌కి వచ్చినవాళ్లే ఎక్కువమంది. ఆ సంగతి చెప్పి, వాళ్ల ఆత్మశాంతికి ఒక పరలోక జపం చెప్పించాకే పిల్లల్ని నీళ్లలోకి దింపాం.

గుడి లోపలి మాట కాస్త బాధతోనే రాస్తున్నాను. వరుసలో నలభై నిమిషాలు నిలబడ్డాం. బలిపీఠం దగ్గరికి వచ్చాక మాత ముందు నిలబడగలిగేది ఐదారు సెకన్లు. ఆ ఐదారు సెకన్లలో ముందున్న పెద్దలు ఫోన్లు పైకెత్తి పట్టుకుంటే, వెనక ఉన్న మూడడుగుల పిల్లకు మాత కనిపించదు. మాత ముఖం చూసి వెళ్లండి, ఫోను లోపల పెట్టుకోండి అని చేతులు జోడించి అడుగుతున్నాను. పక్కనుంచి తోసుకొచ్చిన ఒక గుంపు మా వరుసను రెండు ముక్కలు చేసింది. నలుగురు పిల్లలు విడిపోయారు. అందరికీ ఒకే పసుపు రంగు టోపీ, మెడలో బడి పేరూ ఫోన్ నెంబరూ ఉన్న కార్డు ఉన్నాయి కాబట్టి ఐదు నిమిషాల్లో దొరికారు.

అయినా చూశాం. మా వంతు వచ్చినప్పుడు సిస్టర్‌గారు నాలుగో తరగతి పాపను పైకెత్తారు. నీలం చీర, బంగారు అంచు, తల మీద కిరీటం, చేతిలో బాలయేసు, మెడలో అప్పుడే వేసిన మల్లెదండ. దండలోంచి ఒక మల్లె జారి కింద పడడం కూడా పాప చూసింది. "అమ్మా, మా బడిలో నీళ్లు వచ్చాయి" అని గట్టిగా చెప్పింది. మెల్లగా చెప్పాలని ఎవరూ అనలేదు. చుట్టూ తెలుగు తెలిసినవాళ్లు ఉన్నట్టున్నారు, ఒకరిద్దరు చేతులు జోడించారు. ఆ తర్వాత వరుస మమ్మల్ని ముందుకు నెట్టేసింది. బయట మెట్ల మీద నిలబడి "ఆరోగ్యమాతా, మా కొరకు వేడుకొనండి" అని మూడుసార్లు చెప్పుకున్నాం. 1962లో బసిలికా (పోపుగారు ప్రత్యేక గౌరవం ఇచ్చిన గుడి) హోదా పొందిన ఆ తెల్లటి గుడి ఎండకు మెరుస్తుంటే పైకి చూడలేకపోయాం.

తెలుగు పూజ వేళలు అక్కడి బోర్డు మీద చూసుకోవాలి. వెంట ఫాదర్‌గారు ఉంటే ఆయన గుర్తింపు కార్డు తప్పకుండా తెచ్చుకోవాలి, అది లేకుండా పీఠం దగ్గరికి రానివ్వరు. వసతికి ముందే డబ్బు కట్టినా వాటిలో రెండు గదులు వేరేవాళ్లకు ఇచ్చేశారు. అబ్బాయిలు, పెద్దలు వరండాలోనే పడుకున్నారు. రసీదు కాగితం మీద తీసుకోవాలి, ఫోన్లో చెప్పిన మాటకు అక్కడ విలువ లేదు. బస్సు, వసతి, భోజనం కలిపి తలకు 2,600 అయింది. ఓఆర్‌ఎస్ పొట్లాలు 60 తీసుకెళితే 51 అయిపోయాయి. దారిలో పులిహోర మొదటి రాత్రికే సరిపోతుంది, మే ఎండకు రెండో పూట ఉంచకూడదు. ఈసారి వెళ్తే రెండు గోనెపట్టాలు ఇంటి నుంచే తీసుకెళ్తాం.

మాత కొలను నీళ్లు ఐదు లీటర్ల క్యానులో తెచ్చాం. వచ్చే ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌గారు బోరును ఆశీర్వదించి ఆ నీళ్లు చల్లుతారు. మోటారు దించారు, ట్యాంకు కట్టడం పూర్తయింది. మొదటి వారం నీళ్లు బురదగా వచ్చాయి, కొత్త బోరుకు అది మామూలే. రోజూ రెండు గంటలు మోటారు వేసి బయటికి వదిలేశాం. ఇప్పుడు తేటపడ్డాయి. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి ఒక సీసా పరీక్షకు పంపాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. జూన్ 12న బడి తెరుస్తారు. పరీక్ష కాగితం వచ్చేదాకా కొత్త కుళాయి చేతులు కడుక్కోవడానికీ, గిన్నెలు తోముకోవడానికీ, మొక్కలకూ మాత్రమే. తాగే నీళ్లు బడి తెరిచిన మొదటి వారం కూడా పిల్లలు ఇంటి దగ్గర్నుంచే సీసాల్లో తెచ్చుకోవాలి.