ఎస్‌ఓపీలోకి వాటర్ ట్యాంకర్ ఎలా వచ్చిందంటే

"చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం." ఈ వాక్యంతో మొదలయ్యే ఎస్‌ఓపీలు (విదేశీ యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు మన గురించి మనం రాసిచ్చే వ్యాసాలు) ఎన్ని చదివానో లెక్కపెట్టడం మానేశాను. పోయిన ఆగస్టులో నిజాంపేట నుంచి వచ్చిన అబ్బాయిదీ అలాగే మొదలైంది. రెండో పేరాలో డేటా యుగం, మూడో పేరాలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టు గురించి రెండు ప్రశ్నలు అడిగానో లేదో, తల దించుకుని "అది అమీర్‌పేటలో కొన్నదక్కా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. నేనూ కొన్నదాన్నే. మా బ్యాచ్‌లో నలుగురం డబ్బులేసుకుని మైత్రీవనం వెనక సందులో ఒక సీడీ, బైండింగ్ చేసిన రికార్డు తెచ్చుకున్నాం. ఆ తర్వాత అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేద్దామని ఒక కన్సల్టెన్సీకి వెళ్తే వాళ్ళ దగ్గర రెడీగా ఉన్న ఎస్‌ఓపీలో నా పేరు, కాలేజీ పేరు, పర్సంటేజీ మార్చి ఇచ్చారు. నేనేమో సీఎస్ఈ, మధ్యలో ఒక చోట ఎవరిదో సివిల్ ఇంజినీరింగ్ అలాగే ఉండిపోయింది. నేను కూడా చూసుకోలేదు, అదీ సంగతి. ఐదు చోట్ల పంపాను, ఐదు చోట్లా రిజెక్ట్.

అప్పుడు దొరికింది మా కాలేజీ సీనియర్ అక్క. అక్కడ పీహెచ్‌డీ చేస్తూ, మనకు రాత్రి పదకొండు అయ్యాక స్కైప్‌లోకి వచ్చేది. ఒక్క వాక్యం కూడా రాసిపెట్టలేదు. ప్రశ్నలే. ఇది ఎందుకు చేశావ్, ఎన్ని రోజులు పట్టింది, తప్పయితే ఎలా తెలిసింది. మొదటి రెండు వారాలు నాకు ఒళ్ళు మండేది, రాసిస్తే పోయేదానికి ఈ ఇంటరాగేషన్ ఏంటని. తర్వాతి ఏడాది సీటు వచ్చింది, వెళ్ళాను, చదివాను, కొన్నాళ్ళు అక్కడే పనిచేసి తిరిగొచ్చి ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆదివారాలు మాత్రం మా డైనింగ్ టేబుల్ దగ్గర ఆ అక్క చేసిన పనే నేను చేస్తున్నాను, డబ్బులు తీసుకోకుండా. ఆ మాట వినగానే కొందరు పేరెంట్స్‌కి అనుమానం వస్తుంది, అది వేరే కథ.

సరే, నిజాంపేట అబ్బాయి. కొన్న ప్రాజెక్టు తీసెయ్ అన్నాను. తీసేస్తే పేజీలో ఏమీ మిగల్లేదు. "మరి నువ్వు నిజంగా చేసిందేంట్రా, కాలేజీలోదే అక్కర్లేదు" అని అడిగితే చాలాసేపు ఏమీ లేదక్కా అన్నాడు. ఈలోపు అమ్మ సర్వపిండి పెట్టింది. తింటూ తింటూ ఏదో మాటల్లో, వాళ్ళ నాన్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ అనీ, ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోయి ఇంట్లో రోజూ ట్యాంకర్ల గొడవేననీ చెప్పాడు. ఆ ట్యాంకర్ల లెక్క రాసేది వీడే. మూడు వేసవులు.

ఏం లెక్క అంటే ఫోన్‌లో ఎక్సెల్ షీట్ తీశాడు. వాళ్ళ సంపు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. అంటే ఒక్క అడుగు నీళ్ళు పెరిగితే దాదాపు 2,265 లీటర్లు. ఒక వెదురు కర్రకు మార్కర్‌తో అంగుళాల గీతలు గీసి, ట్యాంకర్ రాకముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి ముంచి చూసేవాడట. పది వేల లీటర్ల బండి వస్తే నాలుగడుగుల ఐదంగుళాలు పెరగాలి. పెరిగింది మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. అంటే పది వేలకు డబ్బులు తీసుకుని పోసింది ఎనిమిదిన్నర వేలు.

నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "నీళ్ళు పడుతున్నప్పుడు సంపులోంచి పైకి ఎక్కించే మోటార్ ఆన్‌లో ఉందా?" వాడి మొహం చూడాలి. మొదటి వేసవి అంతా ఆన్‌లోనే ఉందట, ఆ విషయం జూన్‌లో గానీ తట్టలేదట, ఆ లెక్కలన్నీ పారేసి మరుసటేడు నుంచి మోటార్ కట్టేయించి కొలిచాడట. "అది రాస్తే పరువు పోతుంది కదక్కా?" అన్నాడు. నాకు లేచి గంతెయ్యాలనిపించింది. డేటా సైన్స్ చదువుతానని వచ్చినవాడు సొంత డేటా తప్పని పట్టుకుని, ఒక వేసవి లెక్కంతా పారేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. అది చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడు గానీ, కొన్న ప్రాజెక్టు రాయడానికి సిగ్గుపడలేదు! ఎస్‌ఓపీ ఆ కర్రతోనే మొదలైంది. పదకొండు డ్రాఫ్టులు పట్టింది. వాక్యాలన్నీ వాడివే. ఇంగ్లిష్ అక్కడక్కడా గరుగ్గా ఉన్నా చాలావరకు అలాగే వదిలేశాం.

ఎల్‌ఓఆర్‌ల (మన సార్లు ఇచ్చే సిఫార్సు లెటర్ల) దగ్గర మాత్రం ఎప్పుడూ ఉండే తంటాయే. "నువ్వే రాసుకునిరా, సంతకం పెడతా" అంటారు మన సార్లు. వాళ్ళనూ అనడానికి లేదు, ఒక్కొక్కరి దగ్గరికి ఎంతమంది వస్తారో. నేను చెప్పేదేంటంటే, లెటర్ కాదు, ఒక పేజీలో మీ దగ్గర ఏ సబ్జెక్టు చదివాను, ఏ ల్యాబ్‌లో ఏం చేశాను అని రాసి తీసుకెళ్ళి ఇవ్వండి, సార్ రాసేది సార్‌ని రాయనివ్వండి. సార్ పేరు మీద దొంగ మెయిల్ ఐడీ పెట్టి తామే అప్‌లోడ్ చేసుకునే బాపతు కూడా ఉన్నారు. అలాంటివాళ్ళు నా దగ్గరికి రావద్దు, అంతే.

యూనివర్సిటీల లిస్టు గురించి ఒక మాట. "మా సర్వీస్ ఫ్రీ" అని బోర్డు పెట్టుకున్న చాలా కన్సల్టెన్సీలకు డబ్బులు యూనివర్సిటీల నుంచి కమిషన్‌గా వస్తాయి. అది నేరమేం కాదు. కానీ వాళ్ళిచ్చిన లిస్టులో కమిషన్ ఇవ్వని యూనివర్సిటీ ఎందుకు లేదో అర్థం చేసుకోవాలి కదా. అమెరికా వరకైతే, ఆ దేశ విదేశాంగ శాఖ తరఫున నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అని అమెరికాలో బయటపడ్డ రెండు బోగస్ యూనివర్సిటీల పేర్లు వినే ఉంటారు. రెండో దాన్ని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళే వల వెయ్యడానికి పెట్టారు, చదువే లేని యూనివర్సిటీ. రెండింట్లోనూ ఇరుక్కున్నవాళ్ళలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. "క్లాసులు ఏ రోజుల్లో, ఎవరు చెప్తారు" అని అడిగే మనిషి పక్కన ఉంటే వాళ్ళలో కొందరైనా బయటపడేవాళ్ళేమో.

జర్మనీ అంటారా, అక్కడ కథంతా తేదీలదే. 2022 నవంబర్ నుంచి మనవాళ్ళకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలువేనని చూసి ఇచ్చేది) తప్పనిసరి, అది చేతికొచ్చేదాకా వీసా సంగతి మర్చిపోవచ్చు. పబ్లిక్ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదని ఎగిరి గంతేస్తారు గానీ, ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) ముందే వెయ్యాలంటే అందరూ సైలెంట్.

అన్నిటికన్నా కష్టం డబ్బు మాట్లాడటం. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నగారు ఒక ఆదివారం తనే వచ్చారు. "వెళ్ళాక పార్ట్‌టైమ్ చేసుకుని ఫీజు కట్టుకుంటాడు కదమ్మా?" అని. "లేదంకుల్, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలే, అదీ దొరికితే, దాంతో అద్దె, తిండి వెళ్తే గొప్ప" అన్నాను. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, పన్నెండు నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే ఇంకో ఇరవై నాలుగు, ఆలోపు ఉద్యోగం రాకపోతే లోన్ ఈఎంఐ ఎవరు కడతారో కాగితం మీద వేసి చూపించాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. చివరికి తొమ్మిది యూనివర్సిటీల లిస్టు ఐదైంది, పెద్ద ఊళ్ళలో ఖరీదైనవి ఎగిరిపోయాయి. అబ్బాయికి రెండు రోజులు నా మీద అలక.

వీసాకి మాక్ ఇంటర్వ్యూలు మూడు చేశాం. నా అసలు ఇంటర్వ్యూ 2016లో, అప్పుడు అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. బట్టీ పట్టిన జవాబులు మాత్రం ఏమీ మారలేదు. ఎందుకీ యూనివర్సిటీ అంటే వెబ్‌సైట్ అప్పజెప్తారు. వీడు కూడా మొదటిసారి అప్పజెప్పాడు, మూడోసారికి మనిషిలా మాట్లాడాడు. చిలుకూరు బాలాజీ గుళ్ళో పదకొండు ప్రదక్షిణలూ చేసి వచ్చాడు, అది నేను చెప్పింది కాదు, వాళ్ళమ్మ చెప్పింది. వీసా వచ్చింది కాబట్టి నూట ఎనిమిది బాకీ.

మొన్న వాళ్ళ నాన్నగారు ఫోన్ చేశారు. థాంక్స్ చెప్పడానికేమో అనుకున్నాను. "అమ్మా, వాడు వెళ్ళిపోతే ఎండాకాలం ట్యాంకర్ల లెక్క ఎవరు చూస్తారు, ఆ ఎక్సెల్ నాకు అర్థం కావట్లేదు" అన్నారు. వచ్చే ఆదివారం నేర్పిస్తానన్నాను. కర్ర వాచ్‌మన్ దగ్గర భద్రంగా ఉందట.