మామూలు కెమెరాతో ఓరియన్ నెబ్యులా: నా అనుభవం

ఓరియన్ నెబ్యులాను, అంటే వేటగాడి ఆకారంలో కనిపించే ఓరియన్ నక్షత్రరాశిలోని వాయువు, ధూళి మేఘాన్ని, సొంతంగా ఫోటో తీయాలని నాకు చాలాకాలంగా ఆశ. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ మీద నుంచి ఆ వేటగాడి నడుము పట్టీలోని మూడు నక్షత్రాలు కనిపిస్తాయి గానీ, వాటి కింద ఉండే నెబ్యులా మాత్రం సిటీ వెలుగులో కలిసిపోతుంది. సంక్రాంతి సెలవులు అమావాస్యకు దగ్గరగా పడటంతో, డీఎస్‌ఎల్‌ఆర్, 200 ఎంఎం లెన్సు, స్టార్ ట్రాకర్ సర్దుకుని అనంతపురం జిల్లాలోని అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను.

ఎక్కువ టైము పట్టింది ధ్రువ నక్షత్రం దగ్గరే. ఆకాశంతో పాటు కెమెరా కూడా తిరగాలంటే ట్రాకర్ ఇరుసు ధ్రువ నక్షత్రం పక్కనే ఉండే ఆకాశపు ఉత్తర ధ్రువం వైపు సరిగ్గా చూడాలి. అక్కడి నుంచి ధ్రువ నక్షత్రం సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. వాకిట్లో నిలబడితే వేపచెట్టు అడ్డం. అందుకే సామానంతా మిద్దె మీదికి చేర్చాను.

"మామా, ఆ లైటు కాసేపు ఆపుతావా?" అని పక్కింటాయన్ని అడిగితే, ఆపేసి ఆయన కూడా పైకి వచ్చాడు. బైనాక్యులర్స్‌లో చూపించాను.

"పొగలా ఉందే. రంగులేవిరా?"

రంగులు ఉన్నాయి, చీకట్లో మన కంటికే అందవు. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ వాయువు మధ్యలో ట్రెపీజియం అనే కుర్ర నక్షత్రాల గుంపు ఉంది. అందులో అన్నిటికంటే వేడి నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. అవి మళ్లీ కలిసి కింది స్థాయిలకు దిగేటప్పుడు 656 నానోమీటర్ల ఎర్రటి వెలుగు వస్తుంది. మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. ఓరియన్ అంత ప్రకాశవంతం కాబట్టే నాకు దొరికింది.

ఒక్కో ఫోటోకి 60 సెకన్లు పెట్టి వరసగా తీస్తూ పోయాను. మధ్య భాగం తెల్లగా మాడిపోతుంది కాబట్టి దానికోసం 5 సెకన్లవి విడిగా తీశాను. 1880లో హెన్రీ డ్రేపర్ ఈ నెబ్యులాకి మొట్టమొదటి ఫోటో తీసినప్పుడు 51 నిమిషాలు ఏకధాటిగా ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. ఆనాటి పరికరాలతో అంతసేపు గురి తప్పకుండా ఎలా నిలబెట్టాడో అనిపించింది. అర్ధరాత్రి దాటాక లెన్సు మీద తేమ పేరుకోవడం మొదలైంది. హీటర్ బెల్టు చుట్టాకే సర్దుకుంది. చివర్లో సెన్సర్ వల్ల పడే చుక్కలు తీసేయడానికి లెన్సుకి మూత పెట్టి డార్క్ ఫ్రేములు, మూలల్లోని చీకటిని, దుమ్ము మచ్చలను సరిచేయడానికి తెల్లవారుతున్న ఆకాశం వైపు లెన్సు మీద తెల్ల బట్ట కప్పి ఫ్లాట్ ఫ్రేములు తీశాను. ఇవి లేకపోతే నెబ్యులా అంచుల్లోని పల్చటి భాగాలు బయటికి రావు, బద్ధకించవద్దు.

ఇంటికొచ్చి అన్నిటినీ సిరిల్‌లో స్టాక్ చేశాను, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫోటోగా కలిపాను. సిరిల్ ఉచిత సాఫ్ట్‌వేర్. ఫోటోలు నాలుగు రెట్లయితే నాయిస్ (ఫోటోలో ఇసక చల్లినట్టు కనిపించే గరుకుదనం) సగమవుతుంది. స్టాక్ చేసిన ఫోటో మొదట నల్లగానే ఉంటుంది, కంగారుపడకండి. కొద్దికొద్దిగా స్ట్రెచ్ చేస్తే, అంటే మసక భాగాలను వెలిగేలా చేస్తే, రెక్కల్లా విచ్చుకున్న గులాబీ ఎరుపు, మధ్యలో ఆక్సిజన్ ఇచ్చే లేత ఆకుపచ్చ, పైన రన్నింగ్ మ్యాన్ నెబ్యులా దగ్గర నీలం తేలాయి. ఆ నీలం అక్కడి ధూళి మీద పడి చెదిరిన నక్షత్రాల వెలుగు. ఎరుపు మాత్రం వాయువు సొంత వెలుగు. ఈ తేడా నా ఫోటోలోనే చూడగలిగినందుకు ఎంత సంతోషమేసిందో!

మామకి వాట్సాప్‌లో పంపాను. తర్వాత రోజెట్ నెబ్యులా తీయాలి. అది మరీ మసక, దానికి ఫిల్టర్ తీయించిన కెమెరా కావాలి.