అడగడం సరే, ఆ తర్వాత?

సెప్టెంబర్ రెండో గురువారం ఆర్ యూ ఓకే డే, అంటే చుట్టూ ఉన్నవాళ్లని "బాగున్నావా?" అని పలకరించే రోజు. దాని రంగు పసుపు. ఆస్ట్రేలియాలో బడికెళ్లే పిల్లలున్న చాలా ఇళ్లలో ఆ పొద్దున పసుపు టీషర్ట్ కోసం బీరువా అంతా వెతుక్కోవడం మామూలే. మాకు దొరికింది, ఇస్త్రీ కూడా చేసిపెట్టాను. మూడో క్లాసు చదివే మా అమ్మాయి మాత్రం వేసుకోనంది. ఎందుకే అంటే, "పోయినేడు ఒకబ్బాయిని అడిగాను నాన్నా. బాగోలేనన్నాడు. నాకేం చెయ్యాలో తెలీలేదు. బెల్ కొట్టేశారు, వెళ్లిపోయాను" అంది.

నేను నోరెత్తలేకపోయాను. ఏటా ఆ రోజు ఆఫీసులో పసుపు క్రీమ్ పూసిన కప్‌కేక్ ఒకటి తిని, పక్క సీటాయన్ని "ఆల్ గుడ్?" అని పలకరించి, ఆయన జవాబిచ్చేలోపే లాప్‌టాప్ తెరుచుకునే రకం నేను. మూడో క్లాసు పిల్లకి నేనేం చెప్పను!

ఈ రోజు వెనక పెద్ద కథే ఉంది. గావిన్ లార్కిన్ అనే ఆయన తండ్రి 1995లో ఆత్మహత్య చేసుకున్నారు. తండ్రిని ఎవరైనా సరిగ్గా పలకరించి ఉంటేనో అనే బాధతోనే ఆయన 2009లో దీన్ని మొదలుపెట్టారు. దీన్ని నడిపేవాళ్లు చెప్పేది నాలుగు పనులు: అడగడం, వినడం, సాయం దొరికేవైపు నడిపించడం, కొన్నాళ్లాగి మళ్లీ పలకరించడం. మనం పిల్లలకి నేర్పేది మొదటిదొక్కటే, ఎందుకంటే ఫొటోకి పనికొచ్చేది అదే. మిగతా మూడూ చెప్పకుండా పిల్లని పంపిస్తే, పాపం అది బెల్ కొట్టగానే పారిపోక ఏం చేస్తుంది?

అందుకని ఆ సాయంత్రం కూర్చోబెట్టి నాకు తోచింది చెప్పాను. ఊరికే బాగున్నావా అంటే ఎవరైనా బాగున్నాననే అంటారు, నువ్వు చూసింది చెప్పి అడుగు, "రెండ్రోజుల్నుంచి ఒక్కదానివే కూర్చుంటున్నావు, ఏమైంది?" అని. వాళ్ల కష్టం తీర్చడం నీ పని కాదు, కాసేపు పక్కన కూర్చుని విను, పెద్ద విషయం అనిపిస్తే టీచర్‌కో మాకో చెప్పెయ్, అక్కడితో నీ బరువు దిగిపోయినట్టే. కిడ్స్ హెల్ప్‌లైన్ నంబర్ 1800 55 1800 ఫ్రిజ్ మీద అంటించాను. అయిదేళ్ల నుంచి పాతికేళ్ల దాకా ఎవరైనా ఏ వేళప్పుడైనా ఫ్రీగా చెయ్యొచ్చు. తర్వాతి వారం మళ్లీ ఓసారి పలకరించడం మర్చిపోకు అని కూడా అన్నాను. బాగానే చెప్పాననుకుని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ ఆదివారమే వీడియో కాల్‌లో మా అమ్మని అడిగేసింది. "నానమ్మా, తాతయ్య లేరు కదా, ఏడుపొస్తుందా?" మా అమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "వస్తుందే తల్లీ, సాయంత్రం పూట ఎక్కువ" అంది. నేను గభాలున ఫోన్ లాక్కుని బీపీ మాత్రల గురించి అడిగాను. అవతల అమ్మ కూడా బుద్ధిగా మాత్రల లెక్క చెప్పింది. మా అమ్మాయి నా వైపు చూసిన చూపు గురించి రాయను. చూసింది చెప్పి అడగమన్నదీ నేనే, వినమన్నదీ నేనే. నాన్న పోయాక అమ్మని ఆ ప్రశ్న ఒక్కసారైనా అడిగానా అంటే, లేదు. అడిగితే చెప్తుందని తెలుసు, చెప్తే ఇంత దూరం నుంచి నేనేం చెయ్యగలనని భయం. అంటే నేనూ బెల్ కోసం చూసే బాపతే అన్నమాట.

ఇక్కడి నుంచే నాకు అంతా అయోమయం. కొన్ని వారాలకి మా అమ్మాయి తన క్లాసు పిల్ల ఒకతెని నేను చెప్పినట్టే పలకరించింది, ఆ పిల్ల ఇంటి సంగతేదో చెప్పుకుంది. అదేంటో ఇక్కడ రాయను, అది ఆ పిల్లది. రాత్రి పడుకునే ముందు మా అమ్మాయి నాకు చెప్పింది, పొద్దున్నే నేను టీచర్‌కి ఈమెయిల్ పెట్టాను. సాయంత్రం బడి నుంచి మొహం మాడ్చుకుని వచ్చి, "నేను నీకు చెప్పాను, టీచర్‌కి కాదు" అంది. రెండ్రోజులు మాటల్లేవు.

చెప్పడం కరెక్టేనని నేను ఇప్పటికీ అంటాను, ఆ విషయంలో మొండివాణ్ణే. ఎనిమిదేళ్ల పిల్ల మోసే బరువు కాదది, నేనొక్కణ్ణి మోసేది కూడా కాదు. కానీ పెద్దవాళ్లకి చెప్పడమంటే మన చేతుల్లోంచి సంగతి జారిపోవడమేనని ముందే దానికి చెప్పి ఉండాల్సిందా? చెప్పి ఉంటే అసలు నా దాకా తెచ్చేదా? మా ఆవిడ తెచ్చేదనే అంటుంది. నాకంత నమ్మకం లేదు.

ఇప్పుడు ఏదైనా చెప్పేముందు "ఎవరికీ చెప్పవు కదా?" అని అడుగుతోంది. ఆ మాట ఇవ్వలేను. ఎవరికైనా హాని ఉందంటే చెప్తాను, లేదంటే నాలోనే ఉంచుకుంటాను అంటాను. కాసేపు ఆలోచిస్తుంది. కొన్నిసార్లు చెప్తుంది, కొన్నిసార్లు "అయితే వద్దులే" అని వెళ్లిపోతుంది.