గడియార స్తంభం దగ్గరి వాచీల సాయిబు గారు

చీరాల గడియార స్తంభం దగ్గరి సందులో 40 ఏళ్లకు పైగా వాచీలు బాగుచేసిన సాయిబు గారు పోయిన వారం కాలం చేశారు. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైన తర్వాత, పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం మన ఇళ్లలో మామూలైపోయింది. మా ఊళ్లో ఆ వాచీలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన బల్ల మీదికి చేరవలసినవే. కంటికి భూతద్దం బిగించి, వెనక మూత ఊడదీసి, పట్టకారుతో చక్రాలను ఒక్కొక్కటిగా ఎత్తి పెట్రోలులో కడిగి, ఎండిపోయిన నూనె స్థానంలో సూదిమొనంత కొత్త నూనె పెట్టేవారు. ఒకసారి మా నాన్నగారి వాచీని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేం రోగం లేదండీ, మీరు కీ ఇవ్వడం మరిచిపోయారు" అని పైసా తీసుకోకుండా పంపించారు. బేరమాడితే మాత్రం ససేమిరా ఒప్పుకునేవారు కాదు, అది వేరే సంగతి. క్వార్ట్జ్ వాచీలు వచ్చాక సెల్లు మార్చడం, పట్టీలు బిగించడమే పనిగా మిగిలింది. 2016లో హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలని కేంద్రం నిర్ణయించాక కూడా, పాత వాచీల నుంచి తీసి డబ్బాల్లో దాచుకున్న విడిభాగాలతో ఆయన నెట్టుకొచ్చారు. ఇప్పుడు అదే షాపులో వారబ్బాయి సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. రిపేరుకిచ్చి తీసుకెళ్లని వాచీల కోసం ఎవరైనా వస్తే, చీటీ లేకపోయినా గుర్తు చెబితే ఇస్తానన్నాడు.