బొల్లి కాదట!

ఇంగ్లండులో నవంబరు నుంచి మార్చి దాకా మా అమ్మాయి బుగ్గల మీద మచ్చలు ఎవరి కంటా పడవు. ఎండ ఉండదు, ఒళ్ళంతా ఒకే రంగుకి వచ్చేస్తుంది. ఆగస్టులో గుంటూరు వెళ్ళి మేనమామ పిల్లలతో నాలుగు రోజులు డాబా మీద ఆడిందంటే చాలు, చుట్టూ చర్మం నల్లబడి మచ్చలు తెల్లగా తేలతాయి. పోయిన ఏడాది అలాగే తేలాయి. రెండు బుగ్గల మీదా, ఎడమ చేతి మీద ఒకటీ, రూపాయి బిళ్ళంత.

పిల్ల ముఖం మీద తెల్లమచ్చ కనిపిస్తే మన దగ్గర డాక్టరు దాకా వెళ్ళక్కర్లేదు, జబ్బేమిటో ఇంట్లోనే తేల్చేస్తారు. కడుపులో నులిపురుగులు అంది మా పిన్ని. కాల్షియం తక్కువ అంది పక్కింటావిడ. చేపల కూర తిన్నాక పెరుగన్నం పెట్టారా అని ఇంకొకరు. అసలు మాట మాత్రం వంటింట్లో, మా అమ్మ చెవిలో పడింది. "బొల్లేమో, ఒకసారి చూపించండి. ఆడపిల్ల కదా." నేను పక్క గదిలోనే ఉన్నాను. పిల్లకి అప్పటికి ఏడేళ్ళు.

బొల్లి అంటుకునే జబ్బు కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల వస్తుంది. చేపలూ పెరుగూ కలిపి తింటే వస్తుందన్నదానికి ఆధారమేమీ లేదు. ఇదంతా మా చుట్టాల్లో చదువుకున్నవాళ్ళకి తెలుసు. తెలిసినవాళ్ళే, పెళ్ళి ఊసు వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

రెండో రోజుకల్లా బావంచాల నూనె సీసా ఇంటికొచ్చింది. మచ్చలకి రాసి పొద్దుటెండలో కూర్చోబెట్టమని సలహా. బావంచాలని ఉత్త నాటువైద్యమని కొట్టిపారేయలేం. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంది, అది తగిలిన చర్మం ఎండకి మామూలుకంటే ఎన్నో రెట్లు స్పందిస్తుంది. చర్మ వైద్యులు కూడా బొల్లికి సొరాలెన్ వాడి, పైన అతినీల లోహిత కిరణాలు కొలతగా పడేలా చేసేవారు. ఆ కొలత లేకుండా గుంటూరు ఎండలో కూర్చోబెడితే పిల్ల బుగ్గలు బొబ్బలెక్కుతాయి. పైగా అది బొల్లో కాదో ఇంకా తేలనే లేదు. సీసా అల్మారా పై అరలోకి వెళ్ళింది. అమ్మకి కోపం వచ్చింది, అన్నయ్య సర్దిచెప్పాడు.

ఎలాగూ వచ్చాం కదా, ఇక్కడే చూపించేద్దామని మా ఆయన పోరు. అందులో న్యాయం లేకపోలేదు. గుంటూరులో మధ్యాహ్నం ఫోన్ చేస్తే రాత్రికి స్కిన్ డాక్టరు చూస్తారు, ఇంగ్లండులో ఆ డాక్టరు మొహం చూడాలంటే నెలలు పడుతుంది. వెళ్ళాం. క్లినిక్ కిటకిటలాడుతోంది. డాక్టరు గారు బుగ్గల వంక ఒకసారి చూసి "ఏం లేదమ్మా" అని నాలుగు క్రీములు రాశారు. జబ్బు పేరేమిటని అడిగితే "అలర్జీ లాంటిది" అన్నారు. వాటిలో ఒక ట్యూబులో గట్టి స్టెరాయిడ్ ఉంది. పిల్లల ముఖానికి అలాంటిది రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది. దాని మూత మేం తీయలేదు.

ఇంగ్లండులో మేముండే రెడింగ్ తిరిగొచ్చాక జీపీ వంతు, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ లైన్లో నిలబడే తంతు ఇక్కడున్న వాళ్ళందరికీ తెలిసిందే, దాని గురించి చెప్పను. లోపల జరిగినదే చెప్పుకోవాల్సింది. ఆవిడ మంచి డాక్టరు, ఓపికగా చూసింది. "అక్కడ ఎప్పుడైనా ఎర్రబడిందా?" అని అడిగింది. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు, ఉంటే ఎర్రగా ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. తెల్లతోలు మీద అది నిజమే. మన పిల్లల ఒంటి మీద ఆ మంట ఎరుపుగా తేలదు, బూడిద రంగులోనో ఊదాగానో, లేదంటే కాస్త నలుపెక్కినట్టో ఉంటుంది. నేను ఆ సంగతి చెప్పాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "ఈ రంగు చర్మం మీద నేను కచ్చితంగా చెప్పలేను" అని, ఫొటోలు పెట్టి స్కిన్ డిపార్ట్‌మెంటుకి రాసింది. తెలియని చోట తెలియదన్న డాక్టరంటే నాకు అప్పటినుంచీ గౌరవం పెరిగింది.

లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థికి పాఠాల్లో ఇదే లోటు కనిపించిందట. తను చదివే సెయింట్ జార్జెస్‌లోని ఇద్దరు అధ్యాపకులతో కలిసి 2020లో 'మైండ్ ది గ్యాప్' అనే చిన్న పుస్తకం తెచ్చాడు. జబ్బు లక్షణాలు నల్లటి, చామనఛాయ ఒంటి మీద ఎలా కనిపిస్తాయో అందులో ఉంటుంది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకసారి చూసుకోవాల్సిన పుస్తకం అది.

ఫొటోల సంగతి ఒకటి చెప్పాలి. స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళేసరికి డిసెంబరు వచ్చింది, మచ్చలు సగం కలిసిపోయాయి. ఆగస్టులో కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, దూరం నుంచి ఒకటీ దగ్గర నుంచి ఒకటీ తీసిన ఫొటోలే అక్కరకొచ్చాయి. బ్యూటీ ఫిల్టర్ ఉన్న ఫోన్‌తో తీసినవి దేనికీ పనికిరాలేదు.

స్పెషలిస్టు మొదట ప్రశ్నలతో మొదలుపెట్టింది. పసితనంలో ఎగ్జిమా ఉండేదా? ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉందా? స్నానం ఎలా చేయిస్తారు? సున్నిపిండితో నలుగు పెడతామంటే, చర్మం పొడిగా ఉన్నన్నాళ్ళూ రుద్దొద్దంది. తర్వాత పిల్లని కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో మచ్చ మీదా పక్కనా తాకించి తగిలినప్పుడల్లా చెప్పమంది. అదెందుకో నాకర్థమైంది. ఇండియా వెళ్ళొచ్చిన పిల్ల ఒంటి మీద తెల్లమచ్చ ఉంటే, స్పర్శ పోలేదని చూసుకుని కుష్ఠు కాదని తేల్చుకోవాలి. మా ఆయన ముఖం మాత్రం మాడిపోయింది.

ఆపైన లైట్లార్పి వుడ్స్ ల్యాంప్ పెట్టింది. రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త 1903లో కనిపెట్టిన ఒక గాజు ఫిల్టరు దానికి మూలం. కంటికి కనిపించే వెలుగుని ఆపేసి అతినీల లోహిత కిరణాలని వదులుతుంది. ఆ కాంతిలో బొల్లి మచ్చ నీలి తెలుపులో మెరిసిపోతుంది, అంచులు గీత గీసినట్టు తెలుస్తాయి. శోభి మచ్చలైతే చాలాసార్లు పసుపు రంగులో కనిపిస్తాయి. మా అమ్మాయి మచ్చలు ఏ రంగులోనూ మెరవలేదు. వాళ్ళ నాన్న తెల్లచొక్కా మాత్రం ధగధగలాడింది, అది చూసి పిల్ల ఒకటే నవ్వు.

జబ్బు పేరు పిటిరియాసిస్ ఆల్బా. స్కూలు వయసు పిల్లల్లో చాలామందికి వచ్చేదే. ఎగ్జిమాకి తమ్ముడి లాంటిది. చర్మం పొడిబారి సన్నగా పొట్టు లేచిన చోట రంగు కొన్నాళ్ళు తగ్గుతుంది, అంచులు అలుక్కుపోయినట్టుంటాయి. దానంతటదే పోతుంది, కాకపోతే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు కూడా పడుతుంది. రోజుకి రెండుసార్లు మాయిశ్చరైజర్, దురద పెడితే కొద్దిరోజులు హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ క్రీము, ఎండలోకి వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్. ఈ దేశంలో మన రంగు వాళ్ళకి ఏడాది పొడుగునా రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి మంచిదని ఎటూ చెబుతారు, అది మానొద్దంది. మచ్చ పాలలా తెల్లబడినా, అంచు పదునెక్కినా, దాని మీది వెంట్రుకలు నెరిసినా మళ్ళీ రమ్మంది.

కారులోంచే గుంటూరు ఫోన్ చేశాం. స్పీకరులో అమ్మ గొంతు, వెనక పిన్ని గొంతు. "బొల్లి కాదట! బొల్లి కాదట!" ఫ్యామిలీ గ్రూపులో దణ్ణాలూ దీపాలూ మోగిపోయాయి. వెనక సీట్లో పిల్ల అన్నీ వింటోంది.

వాళ్ళ క్లాసులో ఒక అబ్బాయికి బొల్లి ఉంది, కళ్ళ చుట్టూ, మోకాళ్ళ మీద. మా అమ్మాయి ఫుట్‌బాల్ ఆడేది వాడితోనే. స్కూల్లో పిల్లలు తననీ అడిగారు, బుగ్గ మీద ఏంటది, పెయింటా అని. స్కిన్ డ్రై అయింది అంటే సరే అని ఆటకి పోయారు. ఇక్కడంతా బంగారమని కాదు, ఈత క్లాసులో ఒకావిడ అది అంటుకుంటుందా అని నన్ను పక్కకి పిలిచి మరీ అడిగింది.

ఆ రాత్రి పడుకునే ముందు పిల్ల అడిగింది. "అమ్మా, నాకు బొల్లి వచ్చుంటే అమ్మమ్మ ఏడ్చేదా?"

"ఏడ్చేదేమో. వాళ్ళ వీధిలో బొల్లి ఉన్న అమ్మాయికి పెళ్ళి కుదర్లేదు. అది చూసింది కదా, భయం."

"అంటుకోదు కదా. మరి ఎందుకు కుదర్లేదు?"

"జనం భయపడ్డారు."

"మరి మా క్లాసు వాడికి?"

వాడికేం, బానే ఉన్నాడుగా అన్నాను. ఆ జవాబు దానికి సరిపోలేదని ముఖమే చెప్పింది.

మర్నాడు అమ్మకి ఒక్కదానికే ఫోన్ చేశాను. ఎవరైనా అడిగితే బొల్లి కాదు అని చెప్పొద్దమ్మా, పొడిచర్మం, తగ్గిపోతుంది అని చెప్పు అన్నాను. పిల్ల స్నేహితుడి సంగతీ చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాపం, ఆ పిల్లాడి తల్లి ఎలా ఉందో" అంది. తర్వాత, అదంతా సరే గానీ వెంకన్నకి మొక్కుకున్నాను, వేసవికి వచ్చినప్పుడు పిల్లకి గుండు చేయించాల్సిందేనంది. స్పీకరులో విన్న పిల్ల ససేమిరా అంది. ఆఖరికి మూడు కత్తెరలకి బేరం కుదిరింది.